గిర్ని రాయి ఎన్నిసార్లు తిరిగింది?

మా మామ దేవరకొండలో గిర్ని నడుపుతాడు. ఆ నెల జొన్నపిండి మరీ కాలిపోతూ వస్తోందని, రొట్టె తడుతుంటే పగులుతోందని ఆడవాళ్లు గొడవ. రాయి జోరుగా తిరుగుతోందేమో లెక్క చూద్దామన్నాను. పాలిటెక్నిక్ చదివినవాణ్ని, ఊరుకుంటానా?

మాగ్నెట్‌ను పసిగట్టే హాల్ సెన్సర్, నిమిషానికి లెక్క ఎంతో నంబరు చూపే మీటరు తెప్పించాను. రాయి తిరిగే పుల్లీకి బొత్తాం అంత మాగ్నెట్ అతికిస్తే, అది సెన్సర్ ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఒక లెక్క. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రమిదని చెప్పాను.

"ఆయన ఎన్నడన్న జొన్నలు పట్టిచ్చిండా?" అన్నాడు మామ.

బరువు ఒకే పక్క పడకూడదని ఎదురుగా ఇంకో మాగ్నెట్ కూడా అతికించాను. ఇది గుర్తుపెట్టుకోండి.

స్విచ్ వేశాడు. గిర్నంతా దడదడ. మీటరు మీద సున్న.

"అల్లుడా, గిర్ని బందయిందా?"

నా సెన్సర్ దక్షిణ ధ్రువం ఎదురొస్తేనే పలికే రకం. నేను రెండు మాగ్నెట్లూ బోర్లా అతికించాను. గిర్ని ఆపించి, ఊడబీకి తిప్పి పెట్టేసరికి వేళ్లకు గమ్ము, గమ్ము మీద పిండి.

ఈసారి 1382.

"మామా! రాయి మోటారంత స్పీడు మీదుంది!"

మోటారు రేకు మీద ఉన్నది 1440. మామ నన్ను జాలిగా చూశాడు. మోటారు పుల్లీ అయిదంగుళాలు, రాయి పుల్లీ పది. సగమే తిరగాలి, బెల్టు జారుడుకు ఇంకాస్త తగ్గాలి. అప్పుడు వెలిగింది. చుట్టుకు రెండు మాగ్నెట్లు, రెండు లెక్కలు!

"691" అన్నాను మెల్లగా.

"ఎప్పుడూ అంతే ఉంటది. రాయికి గంట్లు అరిగినయి, కొట్టాలె. అయినా నీ మీటరు నిజం చెప్తుందో లేదో చూద్దాం."

మామ లెక్క వేరు. బెల్టు అతుకు మోటారు పుల్లీ ఎక్కినప్పుడల్లా టక్కుమంటుంది. బెల్టు ఒక చుట్టు తిరిగితే రాయి ఆరు చుట్లు. నిమిషానికి ఎన్ని టక్కులో ఎంచి ఆరుతో గుణించడమే. నేను వాచీ పట్టుకున్నాను. మామ కళ్లు మూసుకుని పదికో వేలు ముడుస్తున్నాడు.

అంతలో ఓ అవ్వ పిండి డబ్బా కోసం వచ్చింది.

"ఎంతయింది కొడుకా?"

లెక్క తప్పుతుందని మామ పైకే అన్నాడు. "ఎనభై మూడు."

"రెండు కిలోలకా?"

"తొంభై."

"అడుగుతుంటే పెంచుతున్నవేందిరా!"

"తొంభై ఆరు."

అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు బిడ్డా, ఎంత?"

నేను నోరు తెరిచేలోపే ఆమె చూపు మీటరు మీద పడింది. ఎర్రగా 1382 వెలుగుతోంది.