నూటికి నూరు శాతం నీళ్లు

మా రేషన్ కార్డులో ఉన్నవి ఐదు పేర్లు. రౌటర్ జాబితాలో మాత్రం పాతిక దాటాయి. ఫోన్లు, టీవీ, సీసీ కెమెరాలు, వసారాలో బల్బు, మామ్మ గదిలో ఫ్యాను, కొబ్బరితోట గేటు, అన్నిటికీ తలో ఐపీ అడ్రసు ఇచ్చాను. వీటి మీద పెత్తనం అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరుది. వైరు అందక దాన్ని దేవుడి పటాల కింద పెట్టాల్సొచ్చింది. ఎప్పుడూ ఎర్ర దీపం వెలుగుతుంటుంది కాబట్టి మామ్మ పొద్దున్నే దానిక్కూడా ఓ నందివర్ధనం పువ్వు పెడుతుంది. నేను కాదనలేదు. రేకు గాలి కంతుల్లోకి పోకుండా చూసుకుంటే చాలు.

అంబాజీపేట పక్కన మా ఊరు. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. ఇంట్లో అందరూ జాతకాల్లో మునిగి ఉంటే నేను డాబా మీది ట్యాంకు పనిలో ఉన్నాను.

అంతకుముందు మా ట్యాంకు నిండిందని తెలియడానికి ఓ పద్ధతి ఉండేది. నీళ్లు పొర్లి, గొట్టంలోంచి దొడ్లో అరటి ఆకుల మీద టపటపా పడేవి. వంటింట్లోంచి మామ్మ "మోటారు కట్టేయండ్రా" అని అరిచేది. నాన్న పేపరు మడిచి, కళ్లజోడు తీసి, చెప్పులు వెతుక్కుని వెళ్లి కట్టేసేసరికి అరటి మొక్కలకి శుభ్రంగా తడి అయ్యేది. ఆ గెలలు కూడా అలాగే ఉండేవి లెండి.

ఇది కంప్యూటర్ తెలిసినవాడుండే ఇల్లేనా అనిపించింది. అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి తెప్పించాను. వంద రూపాయల లోపే. చూడ్డానికి రెండు గుండ్రటి కళ్లు, ఏదో జంతువు మొహంలా ఉంటుంది. ఒక కన్ను 40 కిలోహెర్ట్జ్ శబ్దం వదులుతుంది. మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మనకి వినబడదు. ఆ శబ్దం నీళ్లకి తగిలి వెనక్కొస్తే రెండో కన్ను పట్టుకుంటుంది. గాల్లో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. మీటరు కిందికెళ్లి తిరిగి రావడానికి ఆరు మిల్లీసెకన్లు చాలు. నాన్నకి చెప్పులు దొరకడానికి పట్టే టైముతో పోల్చి చూసుకోండి.

దాన్ని ట్యాంకు మూతకి లోపలివైపు బిగించాను. అది చెప్పే లెక్కని ఓ వైఫై బోర్డు, కింద దేవుడి పటాల దగ్గరున్న రాస్ప్‌బెర్రీ పైకి పంపిస్తుంది, ఎమ్‌క్యూటీటీ అనే పద్ధతిలో. చమురు గొట్టాల మీద ఉపగ్రహం ద్వారా కన్నేసి ఉంచడానికి 1999లో కనిపెట్టారు దాన్ని. అంత దూరానికి పనికొచ్చింది మా డాబాకి పనికిరాదా? నీళ్లు ముప్ఫై శాతానికి దిగితే మోటారు దానంతటదే తిరుగుతుంది. సెన్సర్‌కి ఐదు సెంటీమీటర్ల లోపు నీళ్లొస్తే నూరు శాతం, మోటారు బంద్. హాల్లో స్పీకరు ఆడగొంతుతో "ట్యాంకు నిండింది" అని చెబుతుంది. స్టార్టరు మీద చేత్తో నొక్కే బటన్లు ఉండేవి. నాన్న రెండుమూడుసార్లు మోటారు వేసేసి పేకాటకి వెళ్లిపోయాక, భద్రత కోసం వాటి వైర్లు విప్పేశాను.

శ్రావణమాసం వచ్చింది. పాలకొల్లు నుంచి పెళ్లివారు ఆదివారం పొద్దున్న వస్తామని కబురు పెట్టారు. శనివారమంతా ఇల్లు కడుగుడు. అరుగులు, గచ్చు, కిటికీ ఊచలు, ఎవరూ చూడని అటక కూడా కడిగారు. దుప్పట్లు ఉతికారు. చుట్టాలు దిగారు, అందరి స్నానాలూ అయ్యాయి. ఫోన్లో చూస్తే ఇంకా నూరు శాతం. రాత్రి పడుకునే ముందు చూసినా నూరే.

"ఎంత వాడినా తరగట్లేదేంట్రా, ద్రౌపదమ్మ అక్షయపాత్రలాగ" అంది మామ్మ.

"ఇన్నాళ్లకి నీ కంప్యూటరు ఇంటికి పనికొచ్చింది" అంది అమ్మ, చుట్టాలందరి ముందూ. మా ఇంట్లో ఇలాంటి మాట అరుదు కాబట్టి నేను లోతుగా ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున్న వాన. పెళ్లివారు ఫోన్ చేసి "చించినాడ వంతెన దాటేశామండీ" అన్నారు. సరిగ్గా అప్పుడే బాత్రూములోంచి నాన్న కేక.

"ఒరేయ్, నీళ్లాగిపోయాయ్! తలంతా సబ్బు!"

ఫోన్ తీసి చూశాను. "లేదు నాన్నా, ట్యాంకు నిండుగా ఉంది. నూరు శాతం."

"కుళాయిలో చుక్క లేదంటుంటే!"

"కుళాయి సంగతి నాకు తెలీదు గానీ ట్యాంకులో ఉన్నాయి."

లోపల కాసేపు చప్పుడు లేదు. తర్వాత తలుపు సందులోంచి నురుగుతో ఓ చెయ్యి బయటికొచ్చింది, చేతిలో ఖాళీ చెంబు.

"అయితే ఆ ఫోన్లోంచే ఓ చెంబుడు పంచు."

ప్లంబరుకి ఫోన్ చేశాను. ట్యాంకులో నీళ్లున్నాయా అన్నది అతని మొదటి ప్రశ్న. ఫుల్లుగా ఉన్నాయన్నాను. అయితే గొట్టంలో గాలి పట్టేసి ఉంటుందన్నాడు. ఊళ్లోనే ఉంటాడు, వచ్చేశాడు. వాల్వు విప్పాడు, గాలి ఊదాడు, గొట్టాన్ని రెంచీతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. "డాబా ఎక్కి మూత తీసి చూడండ్రా" అని మామ్మ ఒకటే గొడవ. బయట జోరువాన, ఇనుప నిచ్చెన నాచు పట్టి ఉంది. అయినా మూడు మిల్లీమీటర్ల తేడా కూడా పట్టే పరికరం చెబుతుంటే ఎక్కి తొంగిచూడ్డం ఏమిటి? పాతకాలం మాట.

పోనీ మోటారు వేద్దామని ఫోన్లో నొక్కాను. స్పీకరు మర్యాదగా జవాబిచ్చింది: "ట్యాంకు నిండి ఉంది. మోటారు వేయడం కుదరదు." మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. ఎంత నిబ్బరంగా రాశాను ఆ ప్రోగ్రామ్‌ని, నా మాట కూడా వినడంలేదు.

తువ్వాలుతో బయటికొచ్చిన నాన్న మాత్రం ఊరుకోలేదు. "కాటన్ దొర 1852 కల్లా ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి, గోదారిని వంచి ఊరూరికీ కాలవలు పంపించాడ్రా. ఆయన దగ్గర ఏ కంప్యూటరుంది? నువ్వు డాబా మీంచి బాత్రూములోకి దింపలేకపోతున్నావ్." ఆ నది ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలిసే నేల మీద, శ్రావణమాసం వానలో, మా ఇంట్లో మొహం కడుక్కోడానికి నీళ్లు లేవు. పెరట్లో నుయ్యి ఉండేది, పూడ్చేసి దాని మీద కారు షెడ్డు వేశాం. పెంకుల వంటింటి చూరు కింద ఉన్న బకెట్లు, బిందెలు, గంగాళం వరసగా పెట్టించింది అమ్మ. పక్కింటి బాబాయిగారు రెండు బిందెలు పంపిస్తూ "వైఫై పోయిందేంటండీ?" అని అడిగి మరీ పంపించారు.

అప్పుడొచ్చారు పెళ్లివారు. చూరునీళ్లతో కాళ్లు కడిగించాం. పూతరేకులు, జంతికలు పెట్టాం. మంచినీళ్లు టిన్నులో ఉన్నాయి కాబట్టి ఆ పరువు దక్కింది. అంతా సవ్యంగా సాగుతోందనుకునే సమయానికి, వంటింట్లో అత్త ఎందుకో నా ఫోన్ నొక్కింది. హాల్లో పెద్ద గొంతుతో "ట్యాంకు నిండి ఉంది. మోటారు వేయడం కుదరదు."

పెళ్లికొడుకు తండ్రిగారు చుట్టూ చూశారు. "ఎవరండీ ఆవిడ?"

నాన్న నోరు విప్పేలోగా నేనే చెప్పేశాను, మొదటినుంచి చివరిదాకా. పెళ్లికొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న మనిషి తలెత్తి "గ్రాఫ్ ఉందాండీ?" అన్నాడు. చూపించాను. శుక్రవారం దాకా గీత ఎక్కుతూ దిగుతూ ఉంది. శనివారం తెల్లవారుజాము నుంచి తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు నూరు.

"ఇంతమంది స్నానాలు చేస్తే ఒక్క శాతమైనా తగ్గాలి కదండీ" అన్నాడు. ప్యాంటు మడిచాడు. వాళ్లమ్మగారు "ఒరేయ్, నాచు!" అంటుండగానే నిచ్చెన ఎక్కేశాడు. ఇక నేనూ ఎక్కక తప్పలేదు. చెల్లి కాఫీ ట్రేతో హాల్లోకి వచ్చేసరికి పెళ్లికొడుకు కుర్చీ ఖాళీ.

మూత ఎత్తాం. లోపల చీకటి. "బావగారూ, టార్చి కొట్టండి" అన్నాడు. ఆ మాట కింద వసారాలో అమ్మ చెవిన పడింది. బావగారూ అన్నాడంటే సంబంధం ఖాయమైనట్టేనని అప్పటికప్పుడు తీర్మానించేసుకుందట.

వెలుగు పడగానే కనబడింది. బిగించాక మిగిలిన వైరు చుట్ట సెన్సర్ కళ్లకి ఎదురుగా జారి వేలాడుతోంది. అందులో ఉయ్యాలలో పడుకున్నట్టు ఓ గోడలెక్కే కప్ప. సెన్సర్ మొహం చూసి చుట్టం అనుకుందో ఏమో, కదలకుండా దానికేసే చూస్తోంది. అడుగున జానెడు నీళ్లు కూడా లేవు.

ఒకటి మాత్రం చెప్పాలి. సెన్సర్ అబద్ధం చెప్పలేదు. మూడు సెంటీమీటర్ల దూరంలో ఏదో ఉందంది, ఉంది. అది నీళ్లా కప్పా అని దాన్ని ఎవరూ అడగలేదు. కప్ప లోపలికి ఎలా వచ్చిందన్న దాని మీద తర్వాత చర్చ జరిగింది. వైరు కోసం మూతకి పెట్టిన బెజ్జం గురించి నాన్న ఏదో అన్నారు గానీ అది అప్రస్తుతం.

పెళ్లికొడుకు వైరు కదిపాడు. కప్ప ఒక్క గెంతు గెంతి అతని తెల్లచొక్కా మీద, సరిగ్గా జేబు దగ్గర వాలింది. అతను కెవ్వుమన్నాడు. కింద వాళ్లమ్మగారు అంతకంటే గట్టిగా కెవ్వుమన్నారు. "కప్ప మీద పడితే లక్ష్మీప్రదం అమ్మా!" అని మామ్మ అక్కడికక్కడే ఓ శాస్త్రం తయారుచేసింది. చెల్లి ట్రే పక్కన పెట్టేసి నవ్వింది. పెళ్లిచూపుల్లో తల వంచుకు కూర్చోవాలని నెల్లాళ్లు నేర్పించిన అత్త మొహం చూడాలి.

కప్ప అడ్డు తొలగగానే స్పీకరు "నీళ్లు నాలుగు శాతం. మోటారు ఆన్ చేస్తున్నాను" అంది. మోటారు గుర్రుమంది. నేను డాబా మీంచే నాన్నకేసి విజయగర్వంతో చూశాను. అంతలో కరెంటు పోయింది.

సంబంధం కుదిరింది. మాఘంలో ముహూర్తం. కట్నం మాట వాళ్లు ఎత్తనే లేదు. పెళ్లికొడుకు తండ్రిగారు ఒక్క షరతు మాత్రం పెట్టారు, అదీ తాంబూలాలు పుచ్చుకునే ముందే: పందిట్లో నీళ్ల ఏర్పాటు ఎవరికైనా అప్పజెప్పండి గానీ, మీ అబ్బాయికి వద్దని.