అంగన్‌వాడీ టీచరమ్మకు ఇంకో పని చెప్పేముందు

పొద్దున తొమ్మిది దాటుతుంది. అంగన్‌వాడీ కేంద్రం గుమ్మంలో ఒక బాలింత చంకలో బిడ్డతో నిలబడి ఉంటుంది. రేషన్ ఇచ్చేముందు ముఖం సరిచూడాలని టీచరమ్మ ఫోన్ ఎత్తి ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుంటారు. గదిలో వెలుతురు చాలదని గుమ్మంలోకి రమ్మంటే, అక్కడ ఎండ వెనక నుంచి పడి ముఖం నల్లగా వస్తుంది. తల మీది కొంగు తీయమంటారు, కాస్త పక్కకు జరగమంటారు. బిడ్డ ఏడుపు అందుకుంటుంది. ఫోన్ తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంటుంది. లోపల చాప మీద కూర్చున్న మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలకు ఆ వేళకు పాటో కథో చెప్పాలి. చెప్పాల్సిన మనిషి గుమ్మంలో ఉన్నారు. ఆయా పొయ్యి మీద పప్పు వదిలి రాలేదు. బాలింత తర్వాత ఇంకా అయిదారుగురు వరసలో ఉన్నారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ మండలానికి వెళ్లినా కనిపించే దృశ్యమే ఇది. పెరిగే పనిని తట్టుకోవడం ఎలాగో ఈ మహిళలకు శిక్షణ తరగతులు పెట్టి చెప్పనక్కర్లేదు. వాళ్లు ఏళ్ల తరబడి తట్టుకుంటూనే ఉన్నారు. ఒక కొత్త పని అప్పగించినప్పుడు పాత పని ఒకటి తీసేసే అలవాటు ప్రభుత్వాలకు లేకపోవడమే అసలు జబ్బు. అది మారాలని మేము గట్టిగా కోరుతున్నాం.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. అనుబంధ పోషకాహారం, బడికి ముందు చదువు, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విషయాలు చెప్పడం... ఈ ఆరింటినీ ఒక టీచరు, ఒక ఆయా చూసుకోవాలన్నది అప్పటి ఏర్పాటు. మామూలు కేంద్రానికి 400 నుంచి 800 జనాభా లెక్క. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఊళ్లో కడుపుతో ఉన్న పిల్ల ఎవరు, బరువు తగ్గిన బిడ్డ ఏ ఇంట్లో ఉంది అని అడిగితే రిజిస్టర్ తెరవకుండానే చెప్పగలిగేది ఈ టీచరమ్మలే. ఆ తెలివిడి ఇంటింటికీ తిరిగితే వచ్చింది.

ఆ తిరిగే సమయమే ఇప్పుడు లేకుండా పోతోంది. 2018 మార్చిలో పోషకాహార లోపం తగ్గించే పోషణ్ అభియాన్ వచ్చింది, దాంతోపాటు స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ అనే యాప్ వచ్చింది. పిల్లల హాజరు, ఎత్తు, బరువు, ఇచ్చిన ఆహారం, వెళ్లిన ఇళ్లు అన్నీ అందులో ఎక్కించాలి. 2023 మేలో ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ పేరుతో చదువు భాగాన్ని గట్టిపరిచారు. 2025 జూలై 1 నుంచి ఇంటికి తీసుకెళ్లే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ చెడ్డ ఆలోచన కాదు. కానీ ఒకటి వచ్చినప్పుడు ఇంకోటి పోలేదు. యాప్ వచ్చినా రిజిస్టర్లు పోలేదు. కేంద్ర ప్రభుత్వ యాప్‌లో నింపిందే రాష్ట్రం యాప్‌లో మళ్లీ నింపాలి. అదయ్యాక ఫొటో తీసి సూపర్‌వైజర్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఒక్క గుడ్డు బిడ్డ పళ్లెంలోకి చేరినట్టు చెప్పడానికి మూడు నాలుగు చోట్ల రాతకోతలు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన మన్యం గూడేల్లో ఈ పని పగటిపూట తెమలదు. చాలామంది రాత్రి వంట ముగించుకుని, ఇంట్లోవాళ్లు పడుకున్నాక, సర్వర్ కాస్త ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుంటున్నారు. ఆ గంటలు ఏ హాజరు పట్టీలోనూ లేవు.

యాప్ తయారుచేసినవారికి మన ఇళ్ల పద్ధతి తెలిసినట్టు లేదు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్లి, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక గానీ అత్తారింటికి రాదు. ఆమె పేరు అత్తారి ఊరి కేంద్రంలో ఉంటుంది, మనిషి తల్లి దగ్గర ఉంటుంది. ఆధార్‌కు ఇచ్చిన నంబరు భర్తది. అతను హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనిలో ఉంటాడు. పేరు నమోదు చేయాలంటే అతని ఫోన్‌కు ఓటీపీ వెళ్తుంది. అతను సెంట్రింగ్ పని మీద పైఅంతస్తులో ఉండి ఫోన్ ఎత్తేసరికి ఓటీపీ గడువు తీరిపోతుంది. పేరు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చుకునే వీలు ట్రాకర్‌లో ఉంది. అది మంచి ఏర్పాటే. కానీ ఆ మార్పు కోసం రెండు ఊళ్ల టీచర్లు ఫోన్లు చేసుకుని, రెండు చోట్లా సరిచూసుకోవాలి. ఇదంతా ముగిసేలోపు బాలింతకు అందాల్సిన పాలు, గుడ్లు ఎవరి పేరునా పడవు. ఊళ్లో మాట పడేది మాత్రం టీచరమ్మే. ‘మా సరుకు నువ్వే ఆపావు’ అని ముఖం మీద అడిగేవారికి సర్వర్ సంగతి చెబితే ఎవరు నమ్ముతారు?

గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ఆహారం 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. ముఖం సరిపోలలేదని దాన్ని ఆపే అధికారం ఆ చట్టం ఎవరికీ ఇవ్వలేదు. యంత్రం విఫలమైతే సంతకం తీసుకుని సరుకు ఇవ్వండని రాతపూర్వకంగా చెప్పాలి. మౌఖికంగా చెబితే రేపు తనిఖీలో లెక్క తేడా వచ్చినప్పుడు జీతం కోత పడేది టీచరమ్మకే. అందుకే భయపడి ఆగిపోతున్నారు.

నిఘా ఎందుకు పెట్టారో మాకు తెలియనిది కాదు. లేని పిల్లల పేర్లు రాసిన కేంద్రాలు ఉన్నాయి. గుడ్లు మాయమైన సందర్భాలు, పాల ప్యాకెట్లు దుకాణాల్లో తేలిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి వార్తలు మా పత్రికలోనూ అచ్చయ్యాయి. పసిబిడ్డల నోటి దగ్గర కూడు దోచేవారి మీద జాలి అక్కర్లేదు. అయితే సరుకు కేంద్రానికి చేరకముందు కాంట్రాక్టరు గోదాములో, రవాణాలో, తూకంలో జరిగే దాని మీద ఇంత గట్టి నిఘా ఎక్కడుంది? పరిమాణం తక్కువ గుడ్డు వస్తే వెనక్కి పంపే అధికారం కాగితం మీద టీచరమ్మకు ఉన్నా, పంపితే మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియక తీసుకుంటున్నవారు ఎందరో. దొంగతనం ఆపాలంటే ఆ దారి పొడవునా చూడాలి. చివరన నిలబడ్డ మనిషి చేతిలో కెమెరా పెడితే సరిపోదు.

దీనికి తోడు శాఖకు సంబంధం లేని పనులు. సర్వే అంటే అంగన్‌వాడీ, ఊళ్లో సభ ఉంటే అంగన్‌వాడీ, ఓటర్ల జాబితా అంటే అంగన్‌వాడీ. బూత్ స్థాయి అధికారులుగా (బీఎల్‌ఓలుగా) చాలా చోట్ల వీరినే వేస్తున్నారు. 2025 చివర్లో పలు రాష్ట్రాల్లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ఆ ఒత్తిడి ఎంత దూరం పోయిందో దేశం చూసింది. బీఎల్‌ఓల మరణాల వార్తలు వచ్చాయి. అదనపు సిబ్బందిని ఇచ్చి వారి భారం తగ్గించాలని 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. పనిభారం తగ్గించమని దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పేదాకా పరిస్థితి రావడమే బాధాకరం.

ఇంత పని చేసేవారికి ఇచ్చేదాన్ని ఇప్పటికీ గౌరవ వేతనం అంటున్నారు. 2018 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం లెక్కలో టీచరుకు నెలకు 4,500 రూపాయలు. అందులో కేంద్రం వాటా 60 శాతం, అంటే 2,700. మిగతాది రాష్ట్రాలు కలుపుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూలై నుంచి మొత్తం 11,500 అయింది. తెలంగాణలో 2021 పెంపు తర్వాత 13,650. పథకాల కింద పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013 మేలో జరిగిన భారత కార్మిక మహాసభ సిఫార్సు చేసింది. అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ వర్తిస్తుందని, వీరిది పార్ట్‌టైమ్ పని అన్న వాదన చెల్లదని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు వీరు సమ్మె చేశారు. మధ్యలో అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. అత్యవసర సేవ అని ఎస్మా పెట్టిన ప్రభుత్వ వ్యవస్థే, జీతం దగ్గరికొచ్చేసరికి స్వచ్ఛంద సేవ అనడం న్యాయం కాదు.

వేతనం గురించి ఇప్పటికే చాలా రాశాం, ఇక ముందూ రాస్తాం. ఈ రోజు మా ఆందోళన ముఖ్యంగా ఆ చాప మీద కూర్చున్న పిల్లల గురించి. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది, బడికి ముందు చదువుకు అంగన్‌వాడీలూ ఒక ప్రధాన ఆధారమంది. మరి ఆ చదువు చెప్పే గంట ఏది? రంగు పూసలు ఏరించడం, కథ చెప్పి బొమ్మ చూపించడం, పలక మీద గీత గీయించడం అన్నీ ఓపికతో, బిడ్డ కళ్లలోకి చూస్తూ చేయాల్సినవి. ఫోన్ తెర వైపు చూస్తూ చేయలేరు. ‘అంగన్‌వాడీలో అన్నం పెడతారు, చదువేం చెప్పరు’ అని కూలికి వెళ్లే తల్లి కూడా అప్పు చేసి నర్సరీ వ్యాన్ ఎక్కిస్తోంది. పిల్లలు తగ్గారని రేపు అవే కేంద్రాలను మూసే ఆలోచన ఎవరికైనా వస్తే, ఆ తప్పు టీచరమ్మ మీద వేయడం అన్యాయం.

రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలను మేము అడిగేవాటిలో చాలావరకు ఖర్చుతో కూడినవి కావు. ఒకసారి ఒక యాప్‌లో నింపిన వివరం మళ్లీ ఎక్కడా అడగొద్దు. రాష్ట్రానికి కావాల్సిన లెక్క పోషణ్ ట్రాకర్ నుంచే తీసుకునేలా ఢిల్లీతో మాట్లాడుకోవాలి. అది కుదిరే వరకు రిజిస్టర్లలో సగమైనా మానేయాలి. ఇకపై కొత్త పని అప్పగించే ప్రతి ఉత్తర్వులో, దాని బదులు ఏ పని తీసేస్తున్నారో కూడా రాయాలి. పొద్దున రెండు గంటలు చదువుకే అని ప్రకటించి, ఆ వేళ సమావేశాలు, ఫొటోలు, రేషన్ నమోదులు పెట్టకూడదు. ఎన్నికల పనికి వేరే సిబ్బందిని జిల్లా ఎన్నికల అధికారులైన కలెక్టర్లు వెతకాలి. పాతబడి హ్యాంగ్ అవుతున్న ఫోన్లు మార్చాలి, డేటా డబ్బు టీచరమ్మ జేబులోంచి పోకూడదు.

ఖాళీగా ఉన్న ఆయా పోస్టుల సంగతి విడిగా చెప్పాలి. ఆయా లేని కేంద్రంలో వంట, గదులు ఊడవడం, పిల్లలను ఇళ్ల నుంచి తీసుకురావడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం అన్నీ టీచరు మీదే పడతాయి. నెల నెలా బరువు తూచే రోజున ఇబ్బంది ఇంకా బాగా తెలుస్తుంది. ఏడాది బిడ్డ తూకం మీద కుదురుగా కూర్చోదు, కాళ్లు ఝాడిస్తుంది, తల్లి కనిపించకపోతే గుక్కపట్టి ఏడుస్తుంది. అంకె ఒక చోట నిలవదు. ఆ రోజు తప్పు రాస్తే తక్కువ బరువున్న బిడ్డ మామూలు బరువు లెక్కలోకి వెళ్లిపోతుంది, ఆసుపత్రికి పంపాల్సిన బిడ్డ ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ ఖాళీలను త్వరగా నింపాలి. బిడ్డను ఒకరు పట్టుకుంటేనే ఇంకొకరు ఆ అంకె సరిగా చూడగలరు.