గొడ్లసావిడి అన్నారు, నేనూ నవ్వాను

జులైలో ఇక్కడి మన తెలుగు సంఘం బస్సు సింగిల్టన్‌లో పాత ఇళ్ళ మ్యూజియం చూడ్డానికి వెళ్ళొచ్చిన సంగతి మీకు తెలిసిందే. పులిహోర బాగుంది, అంత్యాక్షరి బాగుంది, లక్కీ డ్రాలో కుక్కరు కూడా ఇచ్చారు. చిక్కల్లా మధ్యలో మ్యూజియం చూసిన నలభై నిమిషాలతోనే. ఇంగ్లండులో వెస్ట్ ససెక్స్‌లోని ఆ వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో యాభైకి పైగా పాత కట్టడాలున్నాయి. మనం కాస్త నిలబడి చూసింది ఒక్కదాన్నే, ఒక రైతు ఇంటిని. ఆ ఇంటి పేరు బేలీఫ్. గుమ్మం దగ్గర మనందరికీ కావలసిన పెద్దాయన ఒకరు ఆగి, "ఇదేంటండీ, కర్రా మట్టీను! మా ఊళ్ళో గొడ్లసావిడి ఇంతకంటే నయం. దీనికి టిక్కెట్టా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాట మనసులో పెట్టుకోలేదు గానీ నా నవ్వే ఇంకా గుచ్చుకుంటోంది.

ఆయన అన్నదాంట్లో అసలు నిజం లేదని కాదు. లోపలంతా చీకటి, పొగ వాసన. పొగగొట్టం లేదు. నట్టింట్లో నేలమీదే మంట వేసేవారు. ఆ గదికి అటక లేదు, మేడ లేదు, తలెత్తితే నేరుగా ఇంటికప్పే. పొగ ఆ కప్పు సందుల్లోంచి తన దారి తను వెతుక్కోవాల్సిందే. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు ఓక్ కర్రలు, వాటికో చెక్క తలుపు. చలిగాలి వద్దనుకుంటే వెలుతురూ పోతుంది. గోడ చూడండి: పుల్లల మధ్య బద్దలు అల్లి, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తారు. మా నాయనమ్మ అయితే "దడికి మట్టి మెత్తారు, అంతేగా" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

కానీ ఆ కట్టుబడి! మధ్య గది గోడ కాస్త లోపలికి తగ్గి ఉంటుంది. రెండు చివర్లా మేడ గదులు కింది గోడ దాటి ముందుకు వస్తాయి. అన్నిటినీ ఒకటే కప్పు కమ్మేస్తుంది. కెంట్, ససెక్స్ వైపు ఈ తీరుని వీల్డెన్ ఇల్లు అంటారు. కర్ర చట్రం బిగింపంతా ఓక్ చీలలతోనే. ఒక కర్రకు తొలిచిన రంధ్రంలో ఇంకో కర్ర కొన దిగుతుంది, దానికి అడ్డంగా చీల పడుతుంది. మేడ గదికి ఆనుకుని, గోడ బయటికి పొడుచుకొచ్చిన చిన్న మరుగుదొడ్డి కూడా ఉంది. మనవాళ్ళ సెల్ఫీలు ఎక్కువగా అక్కడే.

చీలల ఇల్లు కాబట్టే విప్పగలిగారు. అసలు ఆ ఇల్లు కెంట్‌లో చిడింగ్‌స్టన్ దగ్గరిది. 15వ శతాబ్దం మొదట్లో కట్టారు, ఇంటి యజమాని ఉండే చివర భాగం 1500 దాటాక చేర్చారు. 1960ల్లో అక్కడ బౌ బీచ్ రిజర్వాయర్ తలపెట్టారు, ఇల్లు ముంపులోకి వచ్చింది. క్రాలీ కొత్త పట్టణం కోసం పాత ఇళ్ళు కూల్చేస్తుంటే చూడలేకపోయిన రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆయన, కొందర్ని కూడగట్టుకుని ఈ మ్యూజియం పని మొదలుపెట్టాడు. బేలీఫ్‌ని కర్రకు కర్ర విప్పి తెచ్చి, తర్వాతివాళ్ళు చేర్చుకున్నవి తీసేసి, పాత రూపంలో నిలబెట్టారు. జనానికి మ్యూజియం తలుపులు 1970లో తెరిచారు.

ముంపు అనేసరికి మనకి గుర్తు రావాల్సింది వేరే ఉంది. నాగార్జున సాగర్ నిండకముందే నాగార్జునకొండ కట్టడాల్ని ఎత్తయిన చోటికి చేర్చాం. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో కట్టాం. చేతకాక కాదన్నమాట. దేవుడి ఇల్లు తెచ్చుకున్నాం. అదే నీళ్ళలో మునిగిన ఊళ్ళలో రైతు ఇంటిని ఒక్కదాన్నైనా అలా విప్పి తేవాలని ఎవరికి తోచింది?

ఎవరినో అనడం దేనికి, నా సంగతి చెబుతాను. కోనసీమలో మా తాతగారిది మండువా లోగిలి. నాలుగు పక్కలా వసారాలు, మధ్యలో ఆకాశం, కూనపెంకులు, నూనె పట్టించి పట్టించి నల్లబడ్డ టేకు స్తంభాలు. వానొస్తే మండువాలో పడ్డ నీళ్ళు తూములోంచి దొడ్లోకి పోయేవి, మా కాగితప్పడవలు ఆ తూము దగ్గరే ఆగిపోయేవి. 2011లో బాబాయి ఫోన్ చేసి, "కప్పు కారుతోందిరా, కట్టించుకునేవాడు లేడు, ఏమంటావు?" అన్నాడు. ఆఫీసు మీటింగుల మధ్య రెండు నిమిషాలు మాట్లాడి సరేనన్నాను. గుమ్మాలూ స్తంభాలూ పాత కలప కొనేవాడు లారీలో వేసుకెళ్ళాడు. నా వాటా డబ్బుతో ఇక్కడ వంటిల్లు పెంచుకున్నాను. ఆ వంటింటికి పర్మిషన్ ఇస్తూ కౌన్సిల్ పెట్టిన షరతేమిటో తెలుసా? కొత్త ఇటుక పాత ఇంటి ఇటుక రంగులో కలిసిపోవాలట. ఆ ఇటుక కోసం మూడు వారాలు తిరిగాను. తాతగారి ఇంటికి రెండు నిమిషాలు.

మండువా లోగిలి అనగానే నాకు గొంతు పూడుకుపోతుంది, కానీ ఇంకో మాటా చెప్పాలి. మా పాలేరు ఇరవై ఏళ్ళు పనిచేసినా ఆ మండువా దాటి లోపలికి రాలేదు, రానివ్వలేదు. బేలీఫ్ కూడా కలిగిన రైతుదే. ఆ పొలంలో కూలి చేసినవాడి గుడిసె ఎవరూ విప్పి తేలేదు, తేవడానికి మిగల్లేదు. తెల్లవాళ్ళు అన్నీ దాచుకున్నారు, మనం అన్నీ పోగొట్టుకున్నాం అని నేను పాట పాడను. వాళ్ళూ కూల్చారు, కూల్చింది చాలనుకుని మనసు మార్చుకున్నారు. మనకు ఆ రెండోది ఇంకా కాలేదు, అంతే తేడా.

పోయిన సంక్రాంతి వేడుకలకు మన కమిటీ స్టేజి మీద థర్మోకోల్‌తో మండువా ఇల్లు కట్టించింది. బాగా కట్టారు, కష్టపడ్డవాళ్ళని తప్పు పట్టను. రాత్రి పదిన్నరకి హాలు ఖాళీ చేయాలి కనక దాన్ని విరగ్గొట్టి చెత్త డబ్బాలో కూరాం. నేనూ ఒక చెయ్యి వేశాను.

అయ్యా, అమ్మా, నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. డిసెంబరులో ఇండియా వెళ్ళేవాళ్ళు సూట్‌కేసులో ఒక టేపు పెట్టుకోండి. మీ ఇల్లు ఇంకా నిలబడి ఉంటే వసారా పొడవెంతో, గుమ్మం ఎత్తెంతో కొలవండి. పాలేరు ఇల్లు మిగిలి ఉంటే అదీ కొలవండి. అటక మీద ఏముండేదో, అరుగు మీద ఎవరు కూర్చునేవారో, ఎవరు కూర్చోకూడదో రాయండి. ఈ పత్రికలో స్పాన్సర్ల ఫోటోలకి ఆరు పేజీలు పోతున్నాయి, అందులో రెండు ఈ ఇళ్ళకి ఇప్పించమని సంపాదకుల్ని వేడుకుంటున్నాను. వచ్చే ఏడు సింగిల్టన్ మళ్ళీ వెళ్దాం, అంత్యాక్షరి బస్సులోనే కానిచ్చేద్దాం.

నేను మొదలుపెట్టాను. పోయిన ఆదివారం ఫోన్ చేసి మన మండువాకి స్తంభాలెన్ని అని అడిగాను. బాబాయి పన్నెండు అన్నాడు. వెనకనుంచి పిన్ని, "కాదు, ఎనిమిదే, రోజూ తుడిచింది నేను కాదూ" అంది. ఇద్దరూ వాదించుకుంటుంటే నా పెళ్ళి ఆల్బమ్ తీసి చూశాను. ఒక్క ఫోటోలో మండువా ఉంది. నాలుగు స్తంభాలు కనిపిస్తున్నాయి. మిగతావి షామియానా గుడ్డ వెనక ఉన్నాయి.