ఎస్టీమ్ కారు, రెండు చెక్కలు

మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన గోడకు ఆనించి రెండు చెక్కలుండేవి. సెంట్రింగ్ పని అయ్యాక మేస్త్రీ వదిలేసి పోయినవి. ఎవరైనా అడిగితే వాచ్‌మన్ "అవి 202 సార్ కారువి" అనేవాడు, స్టెప్నీ గురించి చెప్పినంత మామూలుగా. 202 సార్ అంటే నేనే.

కారు 2005 నాటి మారుతి ఎస్టీమ్. 1298 సీసీ, 85 గుర్రాలు, నా చేతికొచ్చేసరికి వాటిలో కొన్ని ముసలివైపోయాయి. మద్రాసు ట్రాక్ మీద ఒకప్పుడు ఈ కార్లే పందేలు కొట్టేవి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉందా ట్రాక్. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. డబ్బు కట్టి ఒక రోజంతా మన కారు మనం తోలుకోవచ్చని తెలిసిన దగ్గర్నుంచీ నాకు నిద్ర పట్టలేదు. ఫిబ్రవరిలో తేదీ ఖాయం చేసుకుని టైర్ల వేటలో పడ్డాను.

టైరు పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. 400 ఉంటే 200 దానికంటే పరీక్షలో రెండింతలు మన్నిందని లెక్క. రేసు పిచ్చోడికి మాత్రం మన్నిక దండగ. రబ్బరు ఎంత మెత్తగా ఉంటే రోడ్డును అంత కరుచుకుంటుంది, అంత తొందరగా అరిగి చస్తుంది. ఏ టైరుకు ఎంత ఉందో చూద్దామని ఒక రాత్రి సెల్లార్‌లో టార్చిలైటు పట్టుకుని, ప్రతి కారు పక్కనా మోకాళ్ల మీద పాకుతున్నాను. వెనకనుంచి వాచ్‌మన్ గొంతు.

"ఏం పోయింది సార్?"

"ట్రెడ్‌వేర్."

"పొద్దున ఊడ్చేటప్పుడు చూస్తాలెండి."

చివరికి 175/60 సైజు మెత్తటి టైర్లు దొరికాయి. కంపెనీవి 175/70. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. రెండో అంకె పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. గోడ పొట్టిదైతే మలుపులో టైరు మెలితిరగదు. అంతవరకే చదివి ఆపేశాను. ఇంకో నాలుగు లైన్లు చదవాల్సింది.

తర్వాత సస్పెన్షన్. నెల జీతం పోసి, స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే కాయిలోవర్లు బిగించాను. వాటితో కారు ఎత్తు మన ఇష్టం. "40 మిల్లీమీటర్లు దించుదామా సార్?" అన్నాడు మెకానిక్కు. దించమన్నాను. ముందు చక్రాల పైభాగం రెండున్నర డిగ్రీలు లోపలికి వాల్చాలి, దాన్ని నెగటివ్ క్యాంబర్ అంటారు. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటివైపు టైరు నిండుగా నేలకు ఆనాలంటే మామూలప్పుడు అలా కాళ్లు ఎడం చేసుకుని నిలబడాల్సిందే. ఆ పనికి అలైన్‌మెంట్ షాపులో కారు వదిలి టీ తాగి వచ్చాను. కుర్రాడు నవ్వు మొహంతో ఎదురొచ్చాడు. "మీవి రెండు చక్రాలూ వంకరగా ఉన్నాయి సార్. స్క్రీన్ మీద అంతా ఎరుపే. ఓ గంట కష్టపడి మొత్తం పచ్చ చేసేశా. మీరేం ఎక్స్‌ట్రా ఇవ్వక్కర్లేదు."

మళ్లీ వంకర చెయ్యమంటే వాడు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఎక్స్‌ట్రా కూడా తీసుకున్నాడు.

ఇంతలో సంక్రాంతి వెళ్లిన వారానికి మా అత్తగారు గౌతమిలో వచ్చారు. లింగంపల్లి స్టేషన్‌కి ఎస్టీమ్ వేసుకునే వెళ్లాను. బరువు తగ్గించడానికి వెనక సీటు అప్పటికే పీకేశాను కాబట్టి ఆవిడ ముందు కూర్చున్నారు, ఒళ్లో అరిసెల డబ్బా. దారంతా బాగానే ఉంది. మా సందు మొదట్లో స్పీడ్ బ్రేకర్ వచ్చింది.

ఇక్కడో మాట చెప్పాలి. స్పీడ్ బ్రేకర్‌కి మన దేశంలో కొలతలున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసిపెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అలా కడితే కారు అల మీద పడవలా పోతుంది. మా సందులోది ఎవరో ఇల్లు కట్టుకోగా మిగిలిన సిమెంటుతో కట్టారు. వెడల్పు మూర, ఎత్తు జానెడు.

ముందు చక్రాలు దాటాయి. వెనకవి దాటలేదు. కడుపు మీద కూర్చుంది కారు.

"బండి ఆగిందేం బాబూ?"

"స్పీడ్ బ్రేకర్ అత్తయ్యగారూ."

"మరి దాని పని అదేగా."

రేస్ ఇస్తే కింద కర్ర్‌మంది. చక్రాల కింద పెట్టడానికి వాచ్‌మన్ చెక్కలు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వంగి కిందకి చూశాడు, లేచి ఆకాశంలోకి చూశాడు. "కాస్త బరువు తగ్గితే లేస్తుంది సార్" అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. అత్తగారు డబ్బాతో సహా దిగారు. కారు హాయిగా నిట్టూర్చి పైకి లేచింది. ఆ లేవడం ఆవిడ చూశారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అరిసెలు మాత్రం మా ఆవిడ చేత పంపించారు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. 175లో 70 శాతం 122.5, 60 శాతం 105. అంటే కాయిలోవర్లు దించింది 40, టైరు నాకు చెప్పకుండా దించింది 17.5. మొత్తం 57.5 మిల్లీమీటర్లు. మా ఆవిడ ఆ కాగితం చూసి ఏమీ అనకుండా చెక్కలు రెండూ తెప్పించి డిక్కీలో పెట్టించింది. గ్రాము గ్రాము తగ్గిస్తూ సీటు పీకిన వాణ్ని, సెంట్రింగ్ చెక్కలు మోసుకుంటూ ఆరొందల పైచిలుకు కిలోమీటర్లు పోయాను.

ట్రాక్ మీద మొదటి సెషన్‌లోనే మీటరు 140 చూపించింది. హెల్మెట్‌లో నాలో నేనే ఈల వేసుకున్నాను. అదే సమయంలో పక్కనుంచి ఒక కాలేజీ కుర్రాడు వాళ్ల నాన్న హ్యాచ్‌బ్యాక్‌లో, కంపెనీ టైర్ల మీద, అద్దాలెత్తి ఏసీ వేసుకుని దాటిపోయాడు. చిన్న టైరు కిలోమీటరుకు ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు చుట్లే లెక్కపెడుతుంది. నా 140 నిజానికి 131 అని తర్వాత తెలిసింది. ఈలోపు మలుపుల్లో కారు ఆముదం పోసిన అరుగు మీద కాలేసినట్టు జారుతోంది. నేను స్టీరింగ్ తిప్పుతున్నాను, అది నేరుగా వెళ్తోంది.

లోపలికి రాగానే అక్కడి శిక్షకుడు టైరు మీద చెయ్యి పెట్టి తీసేశాడు. ఆయనకు తెలుగు వచ్చు.

"గాలి ఎంత పెట్టావయ్యా?"

"32 సార్. పొద్దున బంకులో పట్టించా."

"ఇప్పుడెంత?"

ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. జీతం మొత్తం స్ప్రింగులకు పోసిన నా దగ్గర గాలి చూసే గేజి లేదు. ఆయన జేబులోంచి తీసి పెట్టి చూశాడు. 40. టైరు వేడి ఐదారు డిగ్రీలు పెరిగిన కొద్దీ ఒక పాయింటు ఎక్కుతుందట. నా టైర్లు పూరీల్లా పొంగి, మధ్యలో నాలుగు వేళ్ల మేర మాత్రమే నేలకు తగులుతున్నాయి. నాలుగింటినీ 30కి దించాడు. చెక్కలు చూసి "ఇవేంటి?" అన్నాడు. అత్తగారి సంగతి దాకా చెప్పాల్సొచ్చింది.

తర్వాతి సెషన్‌లో ల్యాపుకు ఆరు సెకన్లు తగ్గాయి. కుర్రాణ్ని దాటలేదు గానీ వాడి నంబరు ప్లేటు చదవగలిగేంత దగ్గరికి పోయాను. ఆ ఆనందంలో సాయంత్రం బయల్దేరేటప్పుడు గాలి మళ్లీ పట్టించలేదు. పైగా బరువని చెక్కలు అక్కడే వదిలేశాను. వేడి మీద 30 ఉన్నది చల్లారితే ఎంతవుతుందో పొద్దున నేర్చుకున్న పాఠమే, తిరగేసి చదవాలంతే.

తెల్లవారుజామున మా సందులోకి తిరిగేసరికి టైర్లు సగం నీరసంగా, కారు ఇంకాస్త కిందకి ఉంది. కర్ర్.

గేటు లైటు వెలిగింది. వాచ్‌మన్ వచ్చి డిక్కీ తీసి చూసి, చెక్కలేవని నా మొహంలోకి చూశాడు. పైన బాల్కనీలో అత్తగారు కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నారు.

"ఏమయ్యా వాచ్‌మనూ, చూశావా?" అన్నారు, సందంతా వినిపించేలా. "ఇప్పుడు నేను లేను బండిలో!"