వచ్చిన డబ్బు ఎలాంటిదో కూడా చూడాలి

విదేశీ డబ్బు ఎంత వస్తే దేశంలో పెట్టుబడులు అంత పెరుగుతాయని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. థాయిలాండ్‌నే చూడండి. డాలర్‌కి దాదాపు 25 బాత్‌ల (బాత్ అక్కడి కరెన్సీ) రేటు కదలదన్న ధీమాతో అక్కడి ఫైనాన్స్ కంపెనీలు స్వల్పకాలిక డాలర్ అప్పులు తెచ్చి బ్యాంకాక్‌లో రియల్ ఎస్టేట్‌కు పోశాయి. అద్దెలు వచ్చేది బాత్‌లలో, తీర్చాల్సింది డాలర్లలో! 1997 జులై 2న బాత్ రేటును పట్టి ఉంచడం మానేసి మార్కెట్‌కి వదిలేయగానే దాని విలువ పడిపోయింది, బాత్‌లలో చూస్తే అప్పు కొండలా పెరిగింది. ఆ డిసెంబర్‌లో 56 ఫైనాన్స్ కంపెనీలను శాశ్వతంగా మూసేశారు. బ్యాంకాక్‌లో సాథోర్న్ యూనిక్ అనే టవర్ పూర్తికాకుండానే నిలిచిపోయింది. మన పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా కార్ల ప్లాంటుకి వచ్చిందీ విదేశీ డబ్బే. కానీ అది షెడ్లుగా, యంత్రాలుగా దిగింది, విడిభాగాల కంపెనీలనూ వెంట తెచ్చింది. రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకుని పోలేదు. ఈ రెండు రకాల డబ్బునూ ఆ వ్యాసంలో విడివిడిగా చూపించాల్సింది.