కంటిపాప పెద్దదైతే పాఠం ఎక్కినట్టేనా?

కంటిపాప సైజు చూసి విద్యార్థి ధ్యాస ఎక్కడుందో చెప్పేయొచ్చని ఒక వ్యాసంలో రాశారు, సగం వరకు ఒప్పుకుంటా. ఇది కొత్త సంగతేం కాదు, 1964లోనే హెస్, పోల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 16ని 23తో గుణించమన్నట్టు నోటిలెక్కలు ఇచ్చి చూశారు, జవాబు దగ్గరపడేకొద్దీ పాప విచ్చుకుంది, చెప్పేశాక మళ్లీ చిన్నదైంది. తర్వాత 1966లో కానెమన్, బీటీ అనే సైకాలజిస్టులు అంకెలు గుర్తుపెట్టుకోమంటే, ఒక్కో అంకె వినేకొద్దీ పెరిగి, తిరిగి అప్పజెబుతుంటే తగ్గుతూ వచ్చింది.

కానీ అది కొలిచేది మెదడు పడే శ్రమని, నేర్చుకోవడాన్ని కాదు. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అని చిన్న భాగం ఉంది, మెదడులో నార్‌అడ్రినలిన్ అనే, మనల్ని అప్రమత్తంగా ఉంచే రసాయనాన్ని ముఖ్యంగా వదిలేది అదే, దాని హుషారుతో పాటే పాప కూడా మారుతుంటుంది. మరి భయంవేసినా, టెన్షన్ పడినా, ఏదైనా నచ్చినా కూడా పాప పెద్దదవుతుంది కదా! పైగా వెలుతురు మారితే 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారే పాప, ఆలోచనకి మారేది మహా అయితే అర మిల్లీమీటరు. స్క్రీన్ మీద తెల్ల స్లైడ్ తర్వాత నల్ల స్లైడ్ వస్తే చాలు, లెక్కంతా తారుమారు.

ఇంకోటి, సబ్జెక్ట్ బాగా వచ్చినవాడికి శ్రమ తక్కువ కాబట్టి పాప సైజు అంతగా మారదు. వాడికి ధ్యాస లేదని రాసేస్తారా? ల్యాబ్‌లో పరిశోధనకి ఓకే, క్లాసులో కెమెరా పెట్టి మార్కులేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.