కణకణానా చక్కెర, కడుగుడు రేటుకు జీఎస్టీ అదనం

కూకట్‌పల్లిలో మెట్రో పిల్లర్ పక్కన ఓ వెల్‌నెస్ సెంటర్ వాళ్లు ఫ్లెక్సీ కట్టారు: 'మీ ప్రతి కణానికీ పట్టిన చక్కెరను కడిగేస్తాం.' సంతోషం. ఇన్నాళ్లకు సైన్సు మన వీధికొచ్చింది.

నిజమే, కణం ఒంటినిండా చక్కెరే. అయితే అది ఇరానీ చాయ్ తాగితే పట్టిన జిడ్డు కాదు. కణమే లోపల 14 చక్కెరల గొలుసు అల్లి, ఎంజైమ్ చేత ప్రొటీన్‌కు తగిలించి, అందులోని మూడు గ్లూకోజులూ కత్తిరించి, గాల్జీ అనే తన లోపలి భాగంలో మెరుగులు దిద్ది పైకి పంపుతుంది. గ్లూకోజ్ తీసేయడం దానికి ముందే వచ్చు. అడ్వాన్సు కూడా అడగదు.

ఆ చక్కెరను నిజంగానే కడిగేస్తే? బి పాజిటివ్ పెద్దాయన లోపలికెళ్తాడు. ఎర్రకణాల మీద చక్కెర గొలుసు కొసనున్న గాలక్టోజ్‌ను గీకేస్తారు. "సార్, మీరిప్పుడు 'ఓ' గ్రూప్. ఫ్యూకోజ్ అనే చక్కెర ఇంకా మిగిలింది, అదీ పోవాలంటే ప్రీమియం తీసుకోండి." ఈఎంఐలో తీసుకుంటాడు. బయటికొచ్చేసరికి బాంబే గ్రూప్! 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించిన అరుదైన రక్తం. ఇక ఆయనకు, ఫ్యూకోజ్ ఉన్న 'ఓ' గ్రూప్ రక్తం కూడా ఎక్కించకూడదు. "మరి పాజిటివ్ ఏమైందమ్మా?" అంటే, "అది అలాగే ఉంచాం సార్, ప్రొటీన్ కదా. మాది షుగర్ డిపార్ట్‌మెంటే." కాంప్లిమెంటరీగా ప్లేట్‌లెట్ల మీది చక్కెర, సియాలిక్ యాసిడ్‌నూ తోమేస్తారు. అది ఊడిన ప్లేట్‌లెట్లను లివర్ ఏరి పారేస్తుంది. పోన్లెండి, బొప్పాయాకు రసం కూడా అక్కడే అమ్ముతారు.

రక్తంలో ఎక్కువైన గ్లూకోజ్ సంగతి వేరు. అది ఏ ఎంజైమూ లేకుండానే హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. హెచ్‌బీఏ1సీ పరీక్షలో చూసేది దాన్నే. దాన్ని కడిగే కషాయం లేదు. షుగర్ అదుపులో పెట్టుకుని, పాత ఎర్రకణాలు పోయి కొత్తవి వచ్చేదాకా ఆగాల్సిందే.

ఫ్లెక్సీ అడుగున ఇంకో ముక్క ఉంది: 'ఇన్సులిన్‌కు సెలవు.' ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 షుగర్ ఉన్న పిల్లాడి తల్లికీ ఇదే చెప్పారు. వాంతులు, ఆయాసం వస్తే భయపడొద్దట, విషం బయటికి పోతున్నట్టట! అది కీటోయాసిడోసిస్, ఇన్సులిన్ లేక రక్తం ఆమ్లమయ్యే ప్రాణాపాయం, దుర్మార్గులారా! 1922లో ఇన్సులిన్ ఇవ్వడం మొదలయ్యేదాకా అలాంటి పిల్లల్ని పస్తులుంచి, ఇంకొన్నాళ్లు బతికితే చాలనుకునేవాళ్లు. మీరు డబ్బులు పుచ్చుకుని మరీ ఆ రోజుల్లోకి తోస్తున్నారు. అర్ధరాత్రి ఆ బిడ్డను భుజాన వేసుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తేది ఆ తల్లే. అప్పుడు మీ కోచ్ ఫోన్ కూడా ఎత్తడు.